గేటు దాటని నెంబర్లు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా సారు విషయంలో ఆ మాటను అక్షరాలా నిజం చేశారు. ఐడీ కార్డు మీది బొటనవేలంత ఫోటోను సాగదీసి, ఇంకా సాగదీసి, క్లాక్ టవర్ దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీదికి ఎక్కించారు. కళ్ళు చేటలంత ఉన్నాయి. ఆ కళ్ళకు పైన, ఫ్లెక్సీలో సగం జాగా ఆక్రమించుకుని, చేతులు జోడించి నవ్వుతున్న కాలేజీ చైర్మన్. కింద 'మా కళాశాల మూలస్తంభానికి అశ్రునివాళి' అని ఎర్రటి అక్షరాలు. పోయింది చైర్మనేమోనని ఒక్క క్షణం నా ప్రాణం తేలికపడిన మాట కూడా నిజం. దాచుకోవడం ఎందుకు?

గుత్తిలోని మా జిరాక్సు షాపుకు ప్రింటరు ఇంకు కొనడానికి అనంతపురం వచ్చి, ఆటో దిగి, తల ఎత్తి చూశాను. సారు పోయిన సంగతి నాకు అట్లా తెలిసింది. ఫోను చేసి చెప్పినవాడు లేడు. ఆ ఫ్లెక్సీలో ఆయన పేరు కూడా తప్పే కొట్టారు, ఇంటి పేరు ఇంకెవరిదో తగిలించారు. పదేళ్ళు చాకిరీ చేయించుకున్నవాళ్ళకే పేరు అక్కర్లేనప్పుడు నేను మాత్రం ఎందుకు రాయాలి? సారు అంటే చాలు. నాకు ఆ మాటకు ఇంకో మనిషి గుర్తు రాడు.

ఆ కాలేజీలో నేను నాలుగేళ్ళు కంప్యూటర్ ల్యాబ్ చూసుకున్నాను. రెండువేల సంవత్సరానికి అటూ ఇటూ. అప్పట్లో అనంతపురం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలను బోర్లు వేసినట్టు వేశారు. నీళ్ళు పడ్డాయా లేదా అని చూసేవాడు లేడు. మాది ఊరికి దూరంగా, చెట్టూ చేమా లేని ఒక గుట్ట పక్కన. పొద్దున కాలేజీ బస్సు దిగేసరికి ముఖాన దుమ్ము, సాయంత్రం బస్సు ఎక్కేసరికి తలలో దుమ్ము. సారు నెట్‌వర్కింగ్ పాఠం చెప్పేవారు. కుందుర్పి వైపు మనిషి. పొడుగు, సన్నం, కాలరు ఎప్పుడూ ఒకవైపు మడతపడి ఉండేది. ప్యాంటు కుడి జేబులో శెనక్కాయలు, ఎడమ జేబులో వాటి పొట్టు. పాఠం చెబుతూనే ఒక్క చేత్తో కాయ పగలగొట్టి, జవాబు చెప్పిన పిల్లవాడి అరచేతిలో గింజలు పెట్టేవారు. ఆయన క్లాసులో కింద ఒక్క పొట్టు ముక్క కనబడేది కాదు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ప్రతిదానికీ ఒక నెంబరు ఉండాలి. చుక్కలు పెట్టి విడగొట్టిన నాలుగు సంఖ్యలు. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. అందులో మామూలు నెంబర్లు ప్రపంచమంతా తిరుగుతాయి. కొన్నింటిని మాత్రం ప్రత్యేకమైన పనులకని విడిగా తీసి పెట్టారు. మా సారుకు ఈ రెండో రకం మీదే ప్రాణం. "మామూలువి పుస్తకంలో ఉండాయి, చదువుకోండి. ఈ వేరే కొంపల సంగతి నేను చెప్తా" అనేవారు. ఇక గంట కొట్టినా వినిపించుకోరు.

"ఏమప్పా, మీ ఊర్లో ఓబులేసు ఉండాడా?"

"ఉండాడు సార్."

"నీ ఊర్లో?"

"ముగ్గురు ఉండారు సార్."

"మా ఊర్లోనూ ఉండాడు. ఊర్లో ఓబులేసూ అంటే ఎవురో అందరికీ తెల్సు. అదే అనంతపురం బస్టాండులో నిలబడి ఓబులేసూ అని కేకేస్తే?"

"బస్టాండు సగం తిరిగి చూస్తాది సార్."

"అదీ. 192.168 అంటే ఓబులేసు. ఏ కాంపౌండులో ఎవురైనా పెట్టుకోవచ్చు, అడిగేటోడు లేడు. మన కాలేజీలోనూ అదే ఉండాది, బళ్ళారిలోనూ అదే ఉంటాది. గేటు లోపల ఉన్నంత సేపు దర్జాగా తిరగొచ్చు. గేటు దాటి పోతానంటే మాత్రం ఆడ కాపలా ఉండే రూటరు యాడికక్కడ నిలబెట్టేస్తాది."

ఈ పాఠం విన్న పిల్లలు పరీక్షలో ఏం రాశారో నాకు తెలియదు గానీ, హాస్టల్లో ఒకణ్ణొకడు నూటతొంభైరెండూ అని పిలుచుకునేవాళ్ళు.

ఇంకో పాఠం 127ది. సారు ఒక కంప్యూటరు వెనక నెట్‌వర్కు తీగ పీకి, దాన్ని అందరికీ కనబడేటట్టు పైకెత్తి పట్టుకునేవారు. రెండో చేత్తో 127.0.0.1 కొట్టి, 'ఉన్నావా?' అని పలకరించేవారు. 'ఉన్నాను' అని టకటకా నాలుగు జవాబులు వచ్చేవి. "చూసినారా? తీగ నా చేతిలో ఉండాది. మరి జవాబు యాన్నించి వచ్చె? వీడు వీడితోనే మాట్లాడుకుంటాండాడు. ఈ నెంబరు కొడితే జవాబు రాకుండా ఉండదు. వచ్చిందని ప్రపంచంతో మాట్లాడినామనుకునేరు, మోసపోతారు." పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. నేను ల్యాబ్ వెనక కుర్చీలో కూర్చుని ప్రతి ఏడాదీ అదే పాఠం విని, ప్రతి ఏడాదీ నవ్వాను.

ఒక్క చోట మాత్రం ఆయనకు కోపం వచ్చేది. మొదటి సంఖ్య 240 నుంచి పైన ఉన్న నెంబర్లన్నిటినీ ముందుముందు అవసరానికి అని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. మొత్తం నెంబర్లలో పదహారో వంతు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చాక్‌పీసు బోర్డు మీద విరిగిపోయేది.

"ఒకపక్క నెంబర్లు సాలడం లేదని ఏడుస్తాండారు. ఇంకోపక్క ఇంత మూట కట్టి అటక మీద పెట్టుకున్నారు. విత్తనానికని దాచిన శెనక్కాయ ఆ ఏడు విత్తల్ల. ఏండ్లకేండ్లు పెట్టుకుంటే అది విత్తనమా? పుచ్చిపోతాది."

"వాన రాకపోతే సార్?" అని వెనక బెంచీ వాడు అడిగాడొకసారి. వాడిదీ శెనక్కాయ వేసి ఎండిపోయిన కొంపే.

"వాన రాకుండా పోయేది మన చేతిలో లేదప్పా. విత్తేది మన చేతిలో ఉండాది" అని వాడికి రెండు కాయలు ఎక్కువ ఇచ్చారు.

బస్సులో కూడా ఇదే వరస. లెక్చరర్లు చైర్మన్ మీద ఏదైనా గుసగుసలాడితే, ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, "ఇది గేటు దాటతాదా?" అని అడిగేవారు. దాటదు సార్ అంటే, "అయితే కానీండి" అని తాను కూడా చెవి అటు పడేసేవారు.

చైర్మన్ సంగతి చెప్పాలి. మొదట సారా కాంట్రాక్టులు, తర్వాత గ్రానైటు, ఆ తర్వాత చదువు. ఆయన గదిలో కంప్యూటరు పెట్టినప్పుడు తన నెంబరు ఎంత అని అడిగాడు. సారు చెప్పారు, చివర ఇరవై అని. చైర్మన్ ముఖం మాడిపోయింది. "నేను ఇరవయ్యోవాడినా సారూ ఈ కాలేజీకి?" అన్నాడు. ఒకటో నెంబరు రూటరుది, బయటికి పోయే గేటు అదే అని సారు ఎంత చెప్పినా వినలేదు. బావమరిదిని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని ఒకటి పెట్టించుకున్నాడు. కాలేజీ మొత్తానికి ఇంటర్నెట్ పోయింది. అందరి కంప్యూటర్లూ బయటికి పోబోయి చైర్మన్ గదికి పోయి తల బాదుకుంటున్నాయి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అదే గోల. చివరికి సారు ఎవరితోనూ ఏమీ అనకుండా రూటరుకు వేరే నెంబరు ఇచ్చి, కంప్యూటర్లన్నిటికీ గేటు ఇటు జరిగిందని ఒక్కొక్కదానికే చెప్పుకుంటూ వచ్చి, ఒకటిని చైర్మన్‌కే వదిలేశారు. "గేటును జరపొచ్చమ్మా, మనిషిని జరపలేం" అన్నారు నాతో. అప్పుడు అది జోకులాగే ఉండింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ కాలేజీలో చేరాలంటే పదో తరగతి నుంచి చివరి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసులో ఇచ్చేయాలి. చూసి ఇస్తామంటారు. బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇక ఆ మనిషి ఎక్కడికీ పోలేడు. ఇంకో కాలేజీ వాడు ఉద్యోగం ఇస్తానన్నా ముందు ఒరిజినల్స్ ఏవీ అంటాడు. జీతాలు రెండు మూడు నెలలు ఆగినా ఎవరూ నోరెత్తకపోవడానికి కారణం ఆ బీరువా. మా ల్యాబ్ నుంచి ఆఫీసు కిటికీలో అది కనబడేది. ఆకుపచ్చది.

సారు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో లెక్చరర్ పోస్టుకు పరీక్ష రాసి సెలెక్టయ్యారు. బస్సంతా స్వీట్లు పంచారు. ఆయన భార్యను అప్పుడే మొదటిసారి చూశాను. ఆమెను అక్కా అనేదాన్ని. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేది. స్వీటు పెట్టె పట్టుకుని కాలేజీ దాకా వచ్చి, "నెల నెలా జీతమొచ్చే కొలువమ్మా, ఈయప్పకు ఇంక ఎవుర్నీ సార్ సార్ అని అడుక్కునే పనిలేదు" అంది. హైదరాబాదుకు ఒరిజినల్స్ తీసుకుని వెరిఫికేషన్‌కు రమ్మని తేదీ ఇచ్చారు. అది ఒక్కటే మిగిలింది. సారు చైర్మన్‌ను అడిగారు. "దానికేముంది సారూ, మీ సొత్తు మీకియ్యక నేనేం జేసుకుంటా? ఇన్‌స్పెక్షన్ ఉండాది గదా. అది గట్టెక్కించండి" అన్నాడు చైర్మన్.

ఇన్‌స్పెక్షన్ అంటే, సీట్లు పెంచడానికి పైనుంచి కమిటీ వచ్చి కంప్యూటర్లు, స్టాఫు, వాళ్ళ సర్టిఫికెట్లు లెక్క చూసిపోవడం. కాగితాల్లో రాసిన కంప్యూటర్లలో మా ల్యాబ్‌లో సగమే ఉన్నాయి. చైర్మన్‌కు ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీ ఉంది. కమిటీ ఇక్కడికొస్తే అక్కడి కంప్యూటర్లు ఇక్కడికి, అక్కడికి పోతే ఇక్కడివి అక్కడికి. లారీలో వేసి, కుదుపుకు పగలకుండా కింద వరిగడ్డి పరిచి తెస్తారు. ముందు రోజు పొద్దున్నే లారీ వచ్చింది. బెంచీల మీద సర్దాం, తీగలు పెట్టాం, ఒక్కసారిగా అన్నీ ఆన్ చేశాం.

'ఈ నెంబరు వేరేవాళ్ళు వాడుతున్నారు' అని ఒక తెర మీద డబ్బా లేచింది. పక్కదాని మీద లేచింది. వరసంతా లేచింది. గదిలో ఏ తెర చూసినా అదే డబ్బా, నొక్కితే పోతుంది, మళ్ళీ లేస్తుంది. చైర్మన్ బావమరిది గుండె పట్టుకుని, "వైరస్ దిగినాది సార్, లారీలోనే దిగింటాది" అన్నాడు.

సారు నడుము పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ వినబడుతుంది. "వైరస్ కాదప్పా. ఆ కాలేజీలోనూ నెంబర్లు పెట్టింది నేనే. ఆడా 192.168 పెట్టినా, ఈడా అదే పెట్టినా. వేరే వేరే కాంపౌండ్లు గదా, కలిసేదెప్పుడులే అనుకుంటి. రెండూర్ల ఓబులేసులూ ఒకే పెండ్లికి వచ్చేసినారు."

ఇంతలో చైర్మన్ వచ్చాడు. నవ్వు ఆగిపోయింది. చైర్మన్ ఒక తెర చూశాడు, ఇంకో తెర చూశాడు. "రేపు వాళ్ళొచ్చేసరికి ఇవి ఇట్లా లేస్తాంటే అరువు తెచ్చినామని తెల్సిపోదా సారూ?" అన్నాడు. తర్వాత సారు భుజం మీద చెయ్యి వేసి, మెత్తగా, "ఇది సరిచేసి రేపు గట్టెక్కించండి. ఎల్లుండి మీ సర్టిఫికెట్లు మీ చేతిలో పెడ్తా. మా కులదేవుని మీద ఆన" అన్నాడు.

సారు పొట్టు జేబులో చెయ్యి పెట్టుకుని తెరల వరస ఒకసారి చూశారు. తర్వాత అరువు కంప్యూటర్ల వరసలో మొదటిదాని ముందు కూర్చున్నారు. ఒక్కొక్కదానికీ కొత్త నెంబరు, కొత్త పేరు. మూలల్లో అంటించిన ఆ రెండో కాలేజీ స్టిక్కర్లు కూడా గోరుతో గీకి తీశారు, ఆ పని ఎవరూ చెప్పలేదు. ఆ మనిషికి ఏ పనీ సగం చేయడం రాదు. అదే ఆయన కొంప ముంచింది. సాయంత్రానికి అన్నీ అన్నదమ్ముల్లా ఒద్దికగా కూర్చున్నాయి.

"ఇది గేటు దాటతాదా సార్?" అని అడిగాను నేను, బస్సులో ఆయన మమ్మల్ని అడిగినట్టే.

"ఆ తీగ ఇట్లియ్యమ్మా" అన్నారు.

మరుసటి రోజు కమిటీ వచ్చింది. ముందు నడుస్తున్నది కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్ద ప్రొఫెసరు. ఫైనలియర్ పిల్లలకు తెల్లచొక్కాలు వేయించి, తెరకొకరిని కూర్చోబెట్టాం. ప్రొఫెసరు వరసలన్నీ చూసి తల ఊపాడు. "ఇంటర్నెట్ ఉందా?" అన్నాడు.

"ఇరవైనాలుగు గంటలూ సార్" అన్నాడు చైర్మన్.

ఇంటర్నెట్ వచ్చే టెలిఫోను లైను కట్ చేసి అప్పటికి ఎన్నో రోజులైంది. మాకందరికీ తెలుసు, పిల్లలకూ తెలుసు. "ఏదీ, చూపించండి" అన్నాడు ప్రొఫెసరు. చైర్మన్ చెయ్యి సారు వీపు మీద పడింది.

సారు ముందుకు వంగారు. తెర మీద కమాండ్లు కొట్టే నల్లటి కిటికీ తెరిచారు. వేళ్ళు మీటల మీద పెట్టి ఆగారు. తర్వాత కొట్టారు. నేను వెనకనే ఉన్నాను, చూశాను. 127.0.0.1.

నాలుగు జవాబులు టకటకా వచ్చిపడ్డాయి.

ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "గుడ్. స్పీడు బాగుంది" అన్నాడు. ఆ నెంబరు ఏమిటో ఆయనకు తెలియకపోతే ఆ కమిటీలో ఉండడానికి పనికిరాడు. తెలిసి ఆ మాట అన్నాడంటే మనిషిగానే పనికిరాడు. ఏదో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. కానీ ఆ గదిలో ఆ నెంబరు ఏమిటో తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. తెల్లచొక్కాల్లో. ఒక్కొక్కరి అరచేతిలో గింజలు పెట్టి మరీ నేర్పించాడు మహానుభావుడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమని నవ్వారు. మిగిలినవాళ్ళు నవ్వలేదు, తెరల వైపు తల దించుకున్నారు. సారు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఎవరి వైపూ చూడకుండా ఆ నల్లటి కిటికీ మూసేశారు.

సీట్లు పెరిగాయి. చైర్మన్‌కు బస్టాండు దగ్గర గజమాల వేశారు.

అంతకుముందే, కమిటీ వచ్చిపోయిన మరునాడు, సారు ఆఫీసుకు పోయారు. నేను ల్యాబ్ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. చైర్మన్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు, కాఫీ తెప్పించాడు. పెద్ద గొంతు కాబట్టి బయటికి వినబడింది.

"నిన్న మీరు జేసిన పని చూసినాక నాకు తెల్సొచ్చినాది సారూ, మీరెంత పనిమంతులో. తీగ లేకుండా ఇంటర్నెట్ చూపించినారు గదా! మీ అట్లాటోన్ని వదులుకునేదానికి నేనేమన్నా పిచ్చోన్నా? హెచ్‌ఓడీని చేస్తాండా మిమ్మల్ని. ఈ నెల నుంచే."

"నాకు హెచ్‌ఓడీ వద్దు సార్. నా సర్టిఫికెట్లు ఇస్తే సాలు."

"ఇస్తాంలే సారూ. యాడికి పోతాయి? ముందు ముందు చూద్దాం."

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను చూశాం. ఈయన తెప్పను ఒడ్డున కట్టేసి, ఇంకో ఏరు వస్తుందిలే అని కూర్చునే రకం. సారు ఆ పని చెడగొట్టి ఉంటే కోపానికైనా సర్టిఫికెట్లు ముఖాన కొట్టి పొమ్మనేవాడు. బాగా చేసినందుకు పట్టి ఉంచాడు.

సారు జిరాక్సులు పట్టుకుని హైదరాబాదు పోయారు. ఒరిజినల్స్ లేనిదే కుదరదన్నారు, తెచ్చుకోవడానికి గడువిచ్చారు. వాళ్ళ తప్పేముంది? తిరిగొచ్చి మళ్ళీ ఆఫీసు వరండాలో కూర్చున్నారు. చైర్మన్ పెళ్ళికి పోయాడన్నారు. మరునాడు బెంగుళూరు పోయాడన్నారు. అక్క కూడా వచ్చి ఆయన పక్కన గోడకానుకుని నిలబడింది. బీరువా తాళం చైర్మన్ మొలతాడుకే ఉంటుందని ఆఫీసు క్లర్కు చెప్పాడు. గడువు దాటింది. ఆ కొలువు తర్వాతి వాడికి పోయింది.

పోలీసు స్టేషనుకు పోదాం సార్ అన్నాను.

"ఎవరి మీదమ్మా కంప్లెయింటు? చేరేనాడు నా చేత్తో నేనే సంతకం పెట్టిచ్చినా. ఇన్‌స్పెక్షన్‌లో ఆ నెంబరు కొట్టింది కూడా నేనే. ఏమని చెప్పల్ల?"

నేను ఆ ఏడే మానేశాను. నా డిప్లొమా సర్టిఫికెట్లు కూడా ఆ బీరువాలోనే ఉన్నాయి. మా నాయన గుత్తిలో కిరాణా కొట్టు మూసి, గొడుగు పట్టుకుని వచ్చాడు. ఆఫీసు ముందు, సరిగ్గా అడ్మిషన్లకని తల్లిదండ్రులు వచ్చే దారిలో కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టాడు. "ఏమన్నా, పిల్లోన్ని చేర్పించేకొచ్చినావా? నా కూతురు కాగితాలు ఈల్లు దొంగిలించి పెట్టుకుండారు. చేర్పించు, మీవీ పెట్టుకుంటారు." మధ్యాహ్నం కాకుండానే క్లర్కు నా సర్టిఫికెట్లు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. నోరుగలవాడిదే రాజ్యం. సారు గుమ్మంలోంచి అదంతా చూసి, "మీ నాయనకుండే నోరు నాకు లేదమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ నవ్వు మీద కోపమొచ్చింది. ఇప్పుడు కూడా పోలేదు. అంత మంచితనం ఎవరికి పనికొచ్చింది? చైర్మన్‌కే కదా.

హెచ్‌ఓడీ అని సారుకు ఒక తిరిగే కుర్చీ వేశారట. దాని మీద తీగల చుట్టలు పెట్టుకునేవారట. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒకసారి అనంతపురం బస్టాండులో కలిశారు. జుట్టు తెల్లబడింది. పక్కన ఆయన క్లాసు పిల్లవాడెవరో ఉన్నాడు. ఇప్పటికీ తీగ పీకి చూపిస్తున్నారా సార్ అని నేను నవ్వుతూ అడిగాను. సారు బస్సు వచ్చే వైపు చూశారు. ఆ పిల్లవాడే, "ఏం తీగ సార్?" అన్నాడు.

"ఏం లేదప్పా. ఆ ప్రత్యేకం నెంబర్ల లెక్క. పరీక్షకు రాదు" అన్నారు. చెప్పడం మానేశారన్నమాట. ఓబులేసూ లేడు, 240 మీద కోపమూ లేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి, గంట కొట్టగానే వచ్చేస్తున్నారు. కుందుర్పి బస్సు వస్తే, "ఉంటానమ్మా" అని ఎక్కారు. జేబులు రెండూ ఖాళీగా, అతుక్కుపోయి ఉన్నాయి.

అదే చివరి చూపు. పోయిన వారం ల్యాబ్ మెట్లెక్కుతూ కూలబడ్డారట. ఆస్పత్రికి తీసుకుపోవడానికి కాలేజీ బస్సు ఇచ్చారని, అది చైర్మన్ గొప్పతనమని తర్వాత క్లర్కు చెప్పాడు.

సంతాప సభ ఆ రోజేనని ఫ్లెక్సీ మీదే రాసి ఉంది. నేను ఇంకు కొనడం మాని ఆటో ఎక్కి కాలేజీకి పోయాను. సెమినార్ హాలు నిండా పిల్లలు, ముందు వరసలో స్టాఫ్. అక్కను వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ముఖం కట్టెలా ఉంది. చైర్మన్ చాలాసేపు మాట్లాడాడు. అలాంటి పనిమంతుడు కాలేజీని వదిలి ఎక్కడికీ పోలేదని, ప్రభుత్వ కొలువు వచ్చినా కాలేజీ మీద మమకారంతో కాదనుకున్నాడని మైకులో చెప్పాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునని తలలు ఊపారు. నేను లేచి అరుద్దామనుకున్నాను. అక్క ముఖం చూసి ఆగాను.

ఆ తర్వాత క్లర్కు ఒక ఫైలు తెచ్చాడు. దాని మీద శాలువా కప్పి, పువ్వులు పెట్టారు. "సారు సర్టిఫికెట్లు ఇన్నేండ్లు మా బిడ్డలెక్క కాపాడినాం. ఈ రోజు ఆ కుటుంబానికి అప్పజెప్తాండాం" అని చైర్మన్ రెండు చేతులతో అక్కకు అందించాడు. ఫోటోవాడు ముందుకొచ్చాడు.

అక్క తీసుకుంది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది. ఫైలు తెరిచి, ఒక్కొక్క కాగితమూ నెమ్మదిగా తిరగేసింది. పదో తరగతి సర్టిఫికెట్లో సారు పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఫైలు మూసి, చైర్మన్ చేతుల్లోనే తిరిగి పెట్టింది. మైకు దూరంగా ఉన్నా, ముందు వరసల్లో ఉన్న మాకు వినబడింది.

"ఆయప్ప అడిగిన నాడు ఇయ్యకపోతిరి. నాకెందుకు సామీ ఇప్పుడు? మీ కాడనే పెట్టుకోండి. ముందు ముందు ఇన్‌స్పెక్షన్‌కు పనికొస్తాయి."

చైర్మన్‌కు సిగ్గేసిందని రాద్దామంటే అది అబద్ధమవుతుంది. ఆయన ఒక్క క్షణం ఫైలు వైపు చూశాడు. తల ఊపాడు. "సరేనమ్మా. భద్రంగా ఉంటాయి" అని క్లర్కుకు ఇచ్చాడు. క్లర్కు దాన్ని పట్టుకుని ఆఫీసు వైపు పోయాడు.

వెనక వరసల్లో పిల్లలకు మాట వినబడలేదు. సారు భార్య కాలేజీకి ఏదో విరాళం ఇచ్చిందనుకున్నారు. ఒకడు మొదలుపెడితే అందరూ అందుకుని, ఆమె వేదిక మెట్లు దిగి గుమ్మం దాటేదాకా చప్పట్లు కొట్టారు.